నీరుకట్టెకు నేను పెట్టిన పేరు

మా మనవరాలు గిద్దలూరులో డిగ్రీ చదువుతోంది. మొన్న పరీక్షలకు ముందు నాలుగు రోజులు నా దగ్గర ఉండడానికి వచ్చింది. వసారాలో చాప పరుచుకుని, రికార్డు పుస్తకంలో పాము బొమ్మ వేసుకుంటోంది. నేను పక్కనే కూర్చుని చేటలో కందులు బాగుచేస్తున్నాను. ఉన్నట్టుండి పెన్సిలు పక్కన పడేసి విసుక్కుంది.

"చూడవ్వా, పాము ఒకటే. పేరు మాత్రం మార్చిందే మార్చడం. ముందొక ప్రజాతి అన్నారు, కాదు ఇంకోటన్నారు, ఇప్పుడు అదీ కాదంట. పాత పుస్తకంలో ఒకటుంది, మేడం ఒకటి చెప్తాది. నేనేది రాసి చావాల?"

"ప్రజాతి అంటే ఏందే?"

"ఇంటిపేరు అనుకో. దాని వెనక సొంత పేరు ఉంటాది. అది మారలేదు. లాటిన్‌లో చేపలు పట్టేవాడని అర్థమంట."

"ఇంటిపేరు మారి సొంత పేరు మిగిలిందా? అయితే మన ఆడోళ్ళ మాదిరే," అన్నాను. అది పకపకా నవ్వి, బొమ్మను నా వైపు తిప్పింది.

ఒళ్ళంతా చదరంగం గళ్ళు. గుండ్రటి కన్ను. కంటి కింద నుంచి నోటి దాకా రెండు నల్ల గీతలు, కాటుక కారినట్టు. నేను చేట కింద పెట్టేశాను.

"నీరుకట్టె," అన్నాను.

"అదే. విషం లేదు. నీళ్ళ అంచున బతుకుతుంది. పొలుసు పొలుసుకూ నడిమధ్య సన్నటి గట్టు ఉంటుందంట, అందుకని..."

"గరుగ్గా ఉంటాది. చేతిలో గోనెపట్టా ముక్క ఉన్నట్టు."

"నీకెట్ల తెలుసవ్వా?"

పట్టుకున్నాను కాబట్టి తెలుసు. ఈ సంగతి దాని నాయనకు కూడా నేనెప్పుడూ చెప్పలేదు. ఆ పామును చిన్నప్పుడు నేను కూడా ఒకసారి దానిది కాని ఇంట్లో చేర్చాను. ఆ తప్పు దిద్దుకోవడానికి ఎంత ఖర్చయిందో ఇక్కడ రాసుకుంటున్నాను. బడి మొహం చూడని నా చేత ఈ నాలుగు అక్షరాలు రాయిస్తున్న దేవునికి ముందుగా వందనాలు.

* * *

మా పల్లె కంభం చెరువు అంచున ఉండేది. పల్లె అంటే ఎన్నో ఇళ్ళు కావు. మట్టిగోడలు, బోదకప్పులు, నడుమ ఒక చిన్న ప్రార్థన గది. వానలు పడిన ఏడు చెరువు నీళ్ళు మా చింతచెట్ల మొదళ్ళ దాకా వచ్చేవి. ఎండాకాలం వస్తే నీళ్ళు వెనక్కి పోయి, పగిలిన రేగడి, దాని మీద ఎండిన నత్తగుల్లలు, గాలి తిరిగినప్పుడల్లా చేపల వాసన మిగిలేవి. ఆ వాసన వస్తే నాకు ఆకలేసేది. మా అమ్మ మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. ఆమె చేప ముట్టేది కాదు. ఆమె ఒక్కగానొక్క తమ్ముడు ఆ చెరువులోనే పోయాడు. తామరపూల కోసం దిగాడట. మోకాళ్ళ లోతే కదక్కా అన్నాడట. ఆ మాట మా అమ్మ మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

మా నాయన మార్కాపురంలో పలకల పనిలో ఉండేవాడు. శనివారం సాయంత్రం బస్సు దిగి వచ్చేవాడు, ఆదివారం ఆరాధన అయ్యాక పోయేవాడు. ఆయన దగ్గర ఎప్పుడూ రాతిపొడి వాసన. కనుబొమ్మలు కూడా బూడిదరంగుగా ఉండేవి. ఆయన కోసిన పలకలు ఎన్నెన్నో ఊళ్ళ బళ్ళకు పోయేవి. మా ఇంటికి మాత్రం అంచు విరిగినవి, పగుళ్ళు పట్టినవి వచ్చేవి. వాటి మీదే నాకు అక్షరాలు నేర్పాడు. అంతవరకూ అదే నా బడి. వారానికొక పూట, ఒక విరిగిన పలక.

నాకు ఎనిమిదేళ్ళు నిండిన ఏడు, జూన్‌లో నన్ను నిజం బడికి పంపాలని నాయన పట్టుబట్టాడు. బడి చెరువుకు ఆ పక్క. బాటంతా నీళ్ళ అంచునే. మా అమ్మ మూడు శనివారాలు ఒప్పుకోలేదు. నాలుగో శనివారం ప్రార్థన పుస్తకం మీద చెయ్యిపెట్టి చెప్పింది.

"పోనిస్తా. కానీ ఇది ఒక్కసారి నీళ్ళలో కాలు పెట్టిందని నాకు తెలిసినా, ఆ దినంతో బడి మాట సరి. దేవుని ఎదుట చెప్తున్నా. మళ్ళ నన్ను బతిమాలబాకండి."

"పెట్టదులే," అన్నాడు నాయన.

"నువ్వు చెప్పు," అంది నన్ను చూసి.

"పెట్టనమ్మా," అన్నాను. బడికోసం నేను అప్పుడు ఇంకెన్నింటికైనా ఒప్పుకునేదాన్ని. ఎండాకాలం అంతా జూన్ ఎప్పుడొస్తుందా అని గోడ మీద బొగ్గు గీతలు పెట్టుకున్నాను.

* * *

ఒకరోజు పొద్దున అమ్మ నన్ను పిడకలకు పేడ ఏరుకురమ్మని పంపింది. గంప పట్టుకుని, పేడ ఏరుతున్నట్టే ఏరుతూ, బడి బాట పట్టుకున్నాను. ఎన్ని అడుగులు ఉందో చూద్దామని. ఏడొందల దాకా లెక్కపెట్టి ఉంటాను. అక్కడ చెరువు ఒక పాయగా చీలి సన్నబడుతుంది. జాలరివాళ్ళు ఆ పాయకు అడ్డంగా బరిగెల బుట్టలు వరసగా ముంచి పెట్టేవాళ్ళు. చేప లోపలికి పోయే దారి ఉంటుంది, తిరిగొచ్చే దారి ఉండదు. మూడో బుట్ట ఊగుతోంది. చేప పడితే బుట్ట అట్లా ఊగదు. ఆగి ఆగి, తల కొట్టుకుంటున్నట్టు ఊగుతోంది.

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. మోకాళ్ళ లోతే కదా అనుకున్నాను. ఎవరి మాటో నా నోట్లోకి వచ్చిందని అప్పుడు తోచలేదు.

పరికిణీ ఎగ్గట్టుకుని నీళ్ళలోకి దిగి, బుట్ట మూత తీసి చెయ్యి పెట్టాను. గరుకుగా ఏదో చుట్టుకుంది. చేప కాదని తెలిసేలోపు బొటనవేలి కింద పట్టుకుంది. విదిలించాను. అది వదిలి, మెడ చదును చేసి, త్రాచు పడగలాగా ఒక్క క్షణం నన్ను చూసి, నీళ్ళ మీద గీత గీసినట్టు వెళ్ళిపోయింది. అది నీరుకట్టె అని నాకు అప్పుడే తెలుసు. మా పల్లెలో పాకే పిల్లకు కూడా నీరుకట్టె తెలుసు. విషం లేదనీ తెలుసు. కానీ రక్తం ఆగలేదు. ఆ పాము వదిలిన కంపు, కుళ్ళిన చేప, ఉల్లిపాయ కలిసినట్టు, పరికిణీకి పట్టుకుని పోలేదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది.

"ఏందే ఆ రక్తం?"

"పాము."

"ఏ పాము? యాడ?"

ఆ రెండు ప్రశ్నలకు నడుమ నాకున్నది ఒక్క ఊపిరి. నీరుకట్టె అంటే, యాడ అన్న దానికి వేరే జవాబు లేదు. అది నీళ్ళను వదిలి ఉండదు. కాబట్టి నాకొక మెట్ట పాము కావాలి. ఎదురుగా పక్కింటి అత్త గడ్డివామి కనిపించింది. ఆమె మాకు చుట్టమేమీ కాదు, మొగుడు పోయిన ఒంటరి మనిషి, ఒక బర్రెతో బతుకుతోంది. పది దినాల కిందటే వామి కాడ కట్లపాము కనపడి చేల వైపు పోయిందని వీధిలో చెప్పింది.

"కట్లపాము," అన్నాను. "అత్త వామి కాడ."

అమ్మ చేతిలో చేట కింద పడింది. జొన్నలు పడిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది.

* * *

నిమిషంలో వీధి అంతా మా ఇంట్లో ఉంది. ఒకామె చీర కొంగు చింపి నా మోచేతి పైన బిగించి కట్టింది. ఇంకొకామె వేపాకు దూసి నా నోట్లో కుక్కింది. పాము విషం ఎక్కితే వేపాకు చేదు తెలియదంటారు మావైపు. అందరూ నా మొహంలో మొహం పెట్టి చూస్తున్నారు.

"చేదుగ ఉందా?"

నాలుక మెలి తిరిగిపోతోంది. కానీ కట్లపాము కరిచినదానికి చేదు తెలియకూడదు కదా!

"లేదు."

"మరెట్లుంది?"

"తియ్యగుంది," అన్నాను.

ఒక్కసారిగా ఏడుపులు లేచాయి. ఎండుమిరపకాయ కొరికించారు. కారంగా ఉందా అంటే లేదన్నాను. కళ్ళవెంట ధారలు.

"కారం లేదంటది, కళ్ళల్లో నీళ్ళేందే?" అంది ఒకామె.

"విషం నీళ్ళు పిన్నా అవి. కనపడల్యా?" అంది ఇంకొకామె.

అప్పుడు పసరు తాతను పిలుచుకొచ్చారు. కొనకనమిట్ల వైపు నుంచి వచ్చి మా దగ్గరే ఉండిపోయిన ముసలాయన. ఒక కంట్లో పువ్వు. రెండో కంటితో అందరికన్నా బాగా చూసేవాడు. వస్తూనే నా చేతి కట్టు విప్పేశాడు.

"చెయ్యి కుళ్ళబెట్టేదానికా ఇది? జరగండి. గాలి తగలనీండి."

"పెద్దాయనా, మంత్రాలు వద్దు," అంది అమ్మ ఏడుస్తూనే. "ప్రార్థన మేం చేసుకుంటాం. ఆకు ఉంటే ఇయ్యి."

"నాకు మంత్రం రాదులేమ్మా. ఆకే."

నా చెయ్యి వెలుతురుకు తిప్పి చూశాడు. కోర పళ్ళ గుర్తులు రెండు ఉండాల్సిన చోట రంపం ఒత్తినట్టు చిన్న చిన్న చుక్కలు, వంపు తిరిగి వరసగా ఉన్నాయి. చూశాడు. నా పరికిణీ అంచు పట్టుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. తర్వాత నా కళ్ళలోకి చూశాడు.

"ఏ పాము బిడ్డా?"

"కట్లపాము."

"బాగ చూసినావా?"

"చూసినా తాతా."

ఆయన లేచి అందరికీ వినపడేట్టు చెప్పాడు. "మా నాయన నాకు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. కాటు పేరు కాటు తిన్నోళ్ళే చెప్పాల. మందిచ్చేటోడు దాన్ని మార్చగూడదు. ఈ పాప కట్లపాము అంటాంది. సరే, కట్లపామే. మూడు వారాలు ఉప్పు ఇయ్యబాకండి, పులుపు ఇయ్యబాకండి. గడప దాటనీబాకండి. నేను వారానికొకసారి వచ్చి చూస్తా."

ఏదో ఆకు నలిపి పసరు పిండి వెళ్ళిపోయాడు. బతికాను. బతకడంలో వింతేమీ లేదని ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

* * *

మా ఇల్లు ఒకటే గది. ఒకటే తలుపు. గోడకు పైన పొగ పోయే కంత. మూడు వారాలు ఆ గదిలో ఉన్నాను. పొద్దున కంతలోంచి ఒక ఎండ ముక్క ఎదుటి గోడ మీద పడి, మెల్లగా దిగి, మధ్యాహ్నానికి నా చాప దాకా వచ్చి, పోయేది. బయట పిల్లలు అరుచుకుంటూ ఆడేవాళ్ళు. ఎవరైనా ఆగి తలుపులోంచి తొంగిచూస్తే వాళ్ళ అమ్మలు చెవి పట్టుకుని లాక్కుపోయేవాళ్ళు.

ఉప్పులేని సంగటి, ఉప్పులేని పప్పు. మూడో రోజుకు నాలుక చచ్చిపోయింది. అమ్మ నీళ్ళకు పోయినప్పుడు ఉప్పుకుండలోంచి రెండు గల్లులు తీసి చాప కింద దాచుకుని, ఒక్కొక్కటే నాకేదాన్ని. అంతకన్నా రుచి అయినది నా జన్మలో తినలేదు. పక్కింటి అత్త రోజూ చల్ల తెచ్చేది, ఉప్పు వేయకుండా. గడప అవతల నిలబడి గిన్నె చాచేది.

"తాగు తల్లీ. నా వామి నిన్ను ఇట్ల చేసిందే. నా నోరు పడిపోను, ఆ పాము కనపడిన దినమే కొట్టిపించి ఉంటే అయిపోయేది."

నేను గిన్నె అడ్డం పెట్టుకుని తాగేదాన్ని, ఆమె మొహం కనపడకుండా.

కానీ అన్నిటికన్నా కష్టం సాయంత్రం ప్రార్థన. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, నా తల మీద చెయ్యి పెట్టి, "కట్లపాము నోట్లోంచి నా బిడ్డను తీసి నా ఒళ్ళో పెట్టినావు ప్రభువా," అని కన్నీళ్ళతో స్తోత్రం చెప్పేది. చివర నేను ఆమెన్ అనాలి. జరగని మేలుకు ఆమె ప్రతిరోజూ దేవునికి కృతజ్ఞతలు చెప్పేది, నేను ప్రతిరోజూ కింద చేవ్రాలు చేసినట్టు ఆమెన్ అనేదాన్ని. ఆదివారం ఆరాధనలో మా అమ్మ లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పిందట. అందరూ ఏడ్చారట. నాయన వచ్చి సంతోషంగా చెప్పాడు. చెప్పి, నా కోసం తెచ్చిన కొత్త పలక తీశాడు. విరిగింది కాదు. నాలుగు అంచులూ, చెక్క చట్రమూ ఉన్నది. "జూన్‌కు," అన్నాడు.

నిజం చెప్తే ఆ పలక వెనక్కి పోతుంది. చెప్పకపోతే ఈ ఆమెన్ ఆగదు. ఆ వయసులో నాకు అంతకన్నా పెద్ద లెక్క ఎవరూ ఇవ్వలేదు.

* * *

రెండో వారం పసరు తాత వచ్చేసరికి అమ్మ నీళ్ళకు పోయింది. ఆయన గడప మీద కూర్చుని, నా చెయ్యి చూసి, మానిపోయిందని తల ఊపి, పొగాకు తీశాడు.

"పొద్దుపోవడంల్యా బిడ్డా?"

"లేదు తాతా."

"పాముల సంగతి చెప్తా విను. మనుషుల్లో ఉన్నట్టే వాటిల్లో ఇళ్ళుంటాయి. త్రాచు, కట్లపాము, పింజరి, ఇవి మూడూ విషం ఉన్న ఇళ్ళు. జెర్రిపోతు, నీరుకట్టె, పసిరిక, ఇవి లేని ఇళ్ళు. కట్లపాము ఉందే, అది పగలు మెత్తన. నల్లగ, నున్నగ, నూనె పూసినట్టు ఉంటాది. కరిస్తే చీమ కుట్టినట్టే. రక్తం కూడా కనపడదు. నిజంగా అది కరిచినోళ్ళకు నా పసరు ఏం చేయదు. నేనే బండి కట్టించి కంభం ఆస్పత్రికి తోలుతా."

నేను నా చేతి చుక్కలు చూసుకున్నాను.

"నీరుకట్టె వేరే. దాని ఒళ్ళు గరుకు. దానికి కోపం జాస్తి, విషం నాస్తి. బెదిరిస్తే మెడ చదును చేసి త్రాచు వేషం వేస్తాది. పాపం, ఆ వేషం చూసే జనం త్రాచనుకుని కొట్టి చంపుతారు. ప్రాణం కాపాడుకునేదానికి వేసిన వేషమే ప్రాణం తీస్తాది."

పొగాకు దవడకు పెట్టుకున్నాడు.

"నీళ్ళల్లో బతుకుతాది గాని చేప కాదు. దానికి ఊపిరి పైనే. చేపల ఆశకు బుట్టలో దూరిందనుకో, చుట్టూ నీళ్ళే, చుట్టూ చేపలే, అయినా ఊపిరాడక చస్తాది. మొన్న జాలరోళ్ళు తిట్టుకుంటన్నారు, మూడో బుట్ట మూత ఎవరో తీసి పారేసినారంట. ఎవరో గాని ఒక ప్రాణం నిలబెట్టినారు."

నేను చాప మీద నుంచి గడప దాకా జరిగాను.

"తాతా, పేరు తప్పు చెప్తే మందు పని చేయదా?"

"మందు చేస్తాదిలే. పేరు కూడా పనిచేస్తాది. అదెవరి మీద చేస్తాదో, అది చూసుకోవాల."

"నువ్వు చెప్పొచ్చు కదా తాతా."

"ఏం చెప్పాల?"

నేను చేతిని పరికిణీలో దాచుకున్నాను. ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"నువ్వు పెట్టిన పేరు. నువ్వే మార్చాల. నాది కట్టుబాటు."

* * *

మూడో వారం చివర, ఆదివారం ఆరాధన అయ్యాక, ఆ పేరు పనిచేయడం మొదలుపెట్టింది. కట్లపాము ఇంకా వామిలోనే ఉందని, ఈ పిల్ల బతికింది, ఇంకొకరు బతకరని మగవాళ్ళు గుమిగూడారు. ఆదివారం పని ముట్టరు మావాళ్ళు. పామును చంపడం పని కిందికి రాదన్నారు. వామి పీకి, బయలుకు మోసి, తగలబెట్టాలని తీర్మానం. తలుపులోంచి నాకు అంతా కనిపిస్తోంది. పంగలకర్రలు, తాళ్ళు. పసరు తాత నన్ను చూడడానికి వచ్చి, మా అరుగు మీద కూర్చుని పొగాకు నములుతున్నాడు.

పక్కింటి అత్త వామికి వీపు ఆనించి నిలబడింది.

"వానలు పడేదాకా నా బర్రె ఏం తినాల? మిమ్మల్ని తినమంటారా?"

"పాము ముఖ్యమా బర్రె ముఖ్యమా వదినా?"

"నీకు చేలుండాయి, చొప్ప ఉంది. నీకేం, అంటావు. దూడ కడుపులో ఉండాది నాయనా దానికి!"

మా నాయన తల వంచుకుని నిలబడ్డాడు. మా అమ్మే ముందుకు పోయి ఆమె చెయ్యి పట్టుకుంది. "తప్పుకో వదినా. నా బిడ్డకైనట్టు ఇంకొకరి బిడ్డకు కాకూడదు." అత్త కాసేపు అమ్మను చూసింది. తర్వాత పక్కకు జరిగింది. నా బిడ్డ అన్న మాట విని జరిగింది. మొదటి పంగలకర్ర వామి నెత్తిన దిగింది.

"ఆగండి!" అని లోపల నుంచి అరిచాను. ఎవరికీ వినపడలేదు. తాత నా వైపు చూశాడు. ఆ ఒక్క కంట్లో దయ ఉంది, తొందర మాత్రం లేదు.

గోడకు ఆనించిన కొత్త పలక వైపు చూడకుండా గడప దాటాను.

"అమ్మో, గడప దాటింది! విషం తలకెక్కుతాది, పట్టుకోండి!" ఆడవాళ్ళు కేకలు పెట్టారు. పట్టుకునేలోపు అమ్మ ముందుకు పోయి నిలబడ్డాను.

"కట్లపాము కాదు," అన్నాను. "నీరుకట్టె. చెరువులో, బుట్టలో. వామిలో కాదు."

అందరూ తాత వైపు తిరిగారు. ఆయన పొగాకు ఉమ్మి, మూతి తుడుచుకున్నాడు.

"ఇప్పుడు సరిగ్గ చెప్పింది."

"ముందే తెలుసా నీకు? మరి చెప్పవే ముసలోడా!"

"కాటు నాది కాదే!"

ఒకతను పంగలకర్ర కింద పడేసి పగలబడి నవ్వాడు. "తియ్యగుందంట వేపాకు! ఓసి నీ అసాధ్యం కూలా!" తలా ఒక మాట అన్నారు. పక్కింటి అత్త నా నెత్తిన ఒక్క మొట్టికాయ గట్టిగా మొట్టి, అదే చేత్తో నన్ను దగ్గరికి లాక్కుంది. ఆమె కొంగులో బర్రె వాసన, ఎండుగడ్డి వాసన. నా కళ్ళు మాత్రం అమ్మ మీదే ఉన్నాయి.

అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. ఒకటే అడిగింది.

"ఎంత లోతుకు దిగినావు?"

"మోకాళ్ళ దాకా."

"మోకాళ్ళ దాకా," అంది. మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు. ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆరోజు నాయన బస్సుకు పోలేదు. అమ్మను బతిమాలాడు. "నిజం చెప్పింది కదే. పది మందిలో చెప్పింది. దానికైనా..."

"మా తమ్ముడు గూడ ఎప్పుడూ నిజమే చెప్పేటోడు," అంది అమ్మ. "నీళ్ళకు తెలుస్తాదా అది? నేను దేవుని ఎదుట అన్నా. నన్ను అబద్ధీకురాలిని చేయబాక."

నాయన కొత్త పలక తీసి తన సంచిలో పెట్టుకున్నాడు. ఆమె కూడా నాలాగే తన మాటలో తనే చిక్కుకుపోయింది. అది తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

* * *

జూన్ వచ్చింది. బడి తెరిచిన రోజు పొద్దున పిల్లలు చెరువు అంచున వరసగా పోతుంటే గడప మీద కూర్చుని చూశాను. పథ్యం లేదు, గడప దాటొద్దని ఎవరూ అనరు. ఉప్పు కూడా ఎంత కావాలంటే అంత. బర్రె ఈనింది, అత్త జున్ను తెచ్చి నా నోట్లో పెట్టింది. ఆ ఏడు వానలు ఆలస్యంగా పడ్డాయి. వామి అడుగంటేదాకా ఆ బర్రె తిన్నది.

నేను బడికి పోలేదు. ఆ ఏడూ పోలేదు, తర్వాతా పోలేదు. నాయన వచ్చిన శనివారాల్లోనే నేర్చుకున్నాను. అక్షరాలు వచ్చాయి, చదవడం వచ్చింది, రాయడం వచ్చింది. రానివి చాలా ఉన్నాయి. మనవరాలు రికార్డు పుస్తకంలో రాసుకునే మాటలు చూసినప్పుడు అవెన్నో కొంచెం తెలుస్తుంది. దేవుడు ఇచ్చినదానికి నేను ప్రతి పూటా వందనాలు చెప్పుకుంటాను. మంచి మనిషి చేతిలో పెట్టాడు, పిల్లల్ని ఇచ్చాడు, వాళ్ళను చదివించుకునే శక్తి ఇచ్చాడు. ఆ గడప దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా వందనం కాసేపు ఆగుతుంది.

మా అమ్మ చివరి రోజులు నా దగ్గరే గడిచాయి. మంచంలోంచి లేచేది కాదు. ఒక మధ్యాహ్నం గంజి తాపిస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒకటి అడుగుతా. బడికి పంపలేదని నీకు బాధ ఉందా?"

అన్నేళ్ళలో ఆమె ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి. లేదమ్మా అనడానికి నోరు తెరిచాను. పెద్దవాళ్ళు పోయేముందు అడిగితే ఎవరైనా అదే చెప్తారు. అదే మర్యాద. చెంచా గిన్నెలో పెట్టేశాను.

"ఉందమ్మా," అన్నాను.

అమ్మ కళ్ళు మూసుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నా చెయ్యి వదల్లేదు.

"నాకూ ఉంది," అంది.

గంజి చల్లారిపోయింది. మళ్ళీ వెచ్చచేసి తెచ్చాను, తాగింది. ఆ ప్రశ్న ఆమె కొన్నేళ్ళ ముందు అడిగి ఉంటే నేను లేదనే చెప్పి ఉండేదాన్ని, ఆమె కూడా తన మాట నాకు చెప్పకుండానే పోయేది. అడిగేదాకా ఆమెను, చెప్పేదాకా నన్ను ఉంచినందుకు దేవునికి వందనాలు.